ఉప్పునీటి చేపల తొట్టి - యంత్రముల మరమ్మతు

మన అణైకట్ ప్రాంతమునకు సముద్రము సమీపమున లేదు. వేలూరునుండి చెన్నపట్టణపు తీరమునకు సుమారు 140 కిలోమీటర్లు. 1909లో ఆ పట్టణపు మెరీనా తీరమున మత్స్యప్రదర్శనశాల తెరవబడినపుడు, సముద్రపు చేపలను గాజుతొట్లలో చూడగోరువారు అచటికే పోవలసియుండెను. నేడు అట్టి తొట్లను గృహములందే నెలకొల్పుకొనుటకు వీలు కలిగినది. కాని సముద్రము తనంతట తాను చేయు పనులను ఇంట యంత్రములు చేయవలయును. నీటిని కదల్చుట, గాలిని కలుపుట, మాలిన్యమును తొలగించుట అన్నియు వానివలననే జరుగును. కావున చేప నీరసించినంతనే మందుసీసా వెదకక, మొదట యంత్రములను పరీక్షింపవలయునని తల్లిదండ్రులకు మా మనవి.

అన్నిటికంటె ముందు పిల్లల క్షేమము. ఉప్పునీటిలో విద్యుత్తు మంచినీటికంటె మిక్కిలి సులభముగా ప్రవహించును. తొట్టిలో చేయి పెట్టుటకు ముందు ప్లగ్గులన్నియు ఊడదీయవలయును. స్విచ్చి ఆపుట మాత్రమే చాలదు. ప్రతి వైరును ప్లగ్గుకంటె క్రిందికి వ్రేలాడి తిరిగి పైకి వచ్చునట్లు అమర్చినచో, దానివెంట జారు నీరు ఆ వంపునందే రాలిపోవును. తుంపరలు ఆరి ప్లగ్గులవద్ద పేరుకొను ఉప్పును, ప్లగ్గు తీసిన పిదప, పొడిగుడ్డతో తుడువవలయును. ఎర్తు కనెక్షనును, కరెంటు లీకైన వెంటనే సరఫరాను తెంచు స్విచ్చిని ఎలెక్ట్రీషియనుచేత పెట్టించుట అవసరము. పెద్దలు దగ్గర లేక పిల్లలు ఈ పని చేయరాదు.

ఇక నీటి పంపు. శబ్దము లేనిచో అదే ప్లగ్గు పాయింటున వేరొక దీపము పెట్టి కరెంటు ఉన్నదో లేదో చూడవలయును. శబ్దము వచ్చుచు నీరు రానిచో, లోపలి తిరుగుడు చక్రమునకు ఇసుకయో సున్నపు పొరయో అడ్డుపడియుండును. ఆ చక్రమును తీసి, వెనిగరు కలిపిన నీట నానబెట్టి, మెత్తని బ్రష్షుతో తోమి, మంచినీట కడిగి బిగింపవలయును.

గాలి పంపునుండి బుడగలు తగ్గినచో గొట్టము చివరనున్న రాయిని తీసి చూడుడు. అపుడు గాలి ధారాళముగా వచ్చినచో లోపము రాతిది; రానిచో గొట్టమునో, పంపులోని రబ్బరు పొరనో పరీక్షింపవలయును. పంపును నీటిమట్టమునకు పైన ఉంచవలయును. లేనిచో కరెంటు పోయినపుడు నీరు గొట్టమువెంట పంపులోనికి దిగును.

వేడిమి మన ప్రాంతమున పెద్ద చిక్కు. వేలూరు వేసవి 40 డిగ్రీలు దాటును. ఈ చేపలలో పెక్కింటికి 24 మొదలు 28 వరకు అనుకూలము. నీరు వేడెక్కినకొలది అందు ప్రాణవాయువు తగ్గును. ఉప్పునీట అది ముందే తక్కువ. హీటరు ఆగక పనిచేయుచుండుటయు కలదు గనుక, దాని దీపమును నమ్మక వేరు థర్మామీటరును చూడవలయును. ప్లగ్గు తీసి, హీటరు చల్లారిన పిదపనే నీటినుండి ఎత్తవలయును. లేనిచో గాజు పగులును. నీటిపై ఫ్యాను గాలి తగిలినచో వేడిమి తగ్గును, కాని నీరు త్వరగా ఆవిరియగును.

ఆవిరియగునది నీరే, ఉప్పు కాదు. తగ్గిన మట్టమును ఉప్పునీటితో నింపినచో ఉప్పు హెచ్చును. ఆర్.ఓ. నీటిని కొలదికొలదిగా పోయుట మేలు. హైడ్రోమీటరు సుమారు 1.025 చూపవలయును. దాని ముల్లున బుడగ అంటినను, ఉప్పు పేరుకొన్నను తప్పుగా చూపును. కడిగి మరల చూడవలయును.

వడపోతలోని స్పంజిని కుళాయిక్రింద కడుగరాదు. చేపల వ్యర్థమునుండి పుట్టు అమ్మోనియా అను విషమును హరించు సూక్ష్మజీవులు అందుండును. కుళాయినీటి క్లోరిను వానిని చంపును. తొట్టినుండి తీసిన నీటనే కడుగవలయును. కరెంటు గంటలకొలది పోయినచో బ్యాటరీ గాలి పంపు నడపి, మేత మానుట మంచిది. మూతగల వడపోత అంతసేపు ఆగినచో అందలి నీటిని పారబోసి మరల నడపవలయును.

ఒక్క మారున ఒక్క మార్పే చేసి, ఫలితమును వ్రాసికొనుట ముఖ్యము. తేది, వేడిమి, ఉప్పు, చేసిన మరమ్మతు అను నాలుగింటిని మీ పిల్లలచేత ఒక నోటుపుస్తకమున తెలుగున వ్రాయింపుడు. మన ఇండ్లలో తెలుగు మాటాడు పిల్లలు పెక్కుమంది కలరు, వ్రాయువారు తగ్గుచున్నారు. ఈ పుస్తకమువలన చేపలును బ్రతుకును, చేతివ్రాతయు నిలుచును.