ఒకే వయసు, మూడు పింఛన్లు

2024 జూలై 1న ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు గుంటూరు జిల్లా పెనుమాకకు వెళ్లి పింఛన్ల పంపిణీ మొదలుపెట్టారు. వృద్ధాప్య పింఛను 4,000 రూపాయలైంది. ఏప్రిల్ నుంచి రావాల్సిన పెంపు కూడా కలిపి ఆరోజు ఒక్కొక్కరికి 7,000 అందింది. అదే నెలలో కోయంబత్తూరులోనో మదురైలోనో ఉన్న తెలుగు ముసలమ్మకు తమిళనాడు ప్రభుత్వం ఇచ్చింది 1,200. హైదరాబాదులో ఉంటే తెలంగాణ ఆసరా పథకం కింద 2,016 వచ్చేది.

మదురై తెలుగువాళ్లు నిన్నమొన్న వలస వెళ్లినవాళ్లు కారు. 16వ శతాబ్దంలో విశ్వనాథ నాయకుడితో మొదలైన నాయక రాజుల కాలం నుంచీ సైనికులు, రైతులు, చేతివృత్తులవాళ్లు దక్షిణాదికి తరలివెళ్లి అక్కడే పాతుకుపోయారు. కోయంబత్తూరు కమ్మవారు పత్తి పండించి, ఆ తర్వాత మిల్లులు పెట్టారు. ఆ ఊరిని శుభ్రం చేసే అరుంధతీయుల్లోనూ ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు ఎందరో ఉన్నారు. వీళ్లందరి రేషన్ కార్డూ తమిళనాడుదే, సర్కారు సాయమూ అక్కడిదే.

పింఛన్లలో ఇంత తేడా ఎందుకు? కేంద్రం వాటా అంత చిన్నది కాబట్టి. ఇందిరాగాంధీ జాతీయ వృద్ధాప్య పింఛను పథకం కింద 60 నుంచి 79 ఏళ్లవారికి కేంద్రం ఇచ్చేది నెలకు 200, ఎనభై దాటితే 500. 2007లో ఆ పథకానికి ఇందిర పేరు పెట్టినప్పుడూ 200, పెనుమాకలో 4,000 పంచిన రోజునా 200. మిగతాది రాష్ట్రం తన ఖజానాను, ఎన్నికల హామీలను బట్టి కలుపుకోవాలి. 1962లోనే వృద్ధాప్య పింఛను మొదలుపెట్టిన తమిళనాడు కూడా వెయ్యి నుంచి 1,200కు వచ్చింది 2023 ఆగస్టులోనే. కేంద్రం తన వాటా పెంచకుండా రాష్ట్రాలను మాత్రమే తప్పుపట్టడం న్యాయం కాదు.

అలాగని తమిళనాడును పిసినారి అనలేం. 2011 జూన్ నుంచి అక్కడ రేషన్ బియ్యం ఉచితం. కిలో కందిపప్పు 30 రూపాయలకే దొరుకుతుంది. సిటీ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం 2021 మేలోనే వచ్చింది. ఆంధ్ర ఆడపడుచులు అందుకోసం 2025 ఆగస్టు 15 దాకా ఆగాల్సివచ్చింది. తమిళనాడులో 2023 సెప్టెంబరు 15 నుంచి అర్హులైన గృహిణులకు నెలకు వెయ్యి రూపాయలు ఇస్తున్నారు. ఇవన్నీ ఇంటిఖర్చు తగ్గించేవే. కానీ ఒంటరిగా బతికే ముసలమ్మకు మందులు కొనుక్కోవడానికి చేతిలో డబ్బు ఉండాలి.

కులాల జాబితాలోనూ ఇదే తంతు. రాళ్లు కొట్టి, చెరువులు తవ్విన వడ్డెరలు ఆంధ్రలో బీసీ-ఏ, కర్ణాటకలో భోవి పేరుతో ఎస్సీ, తమిళనాడులో అతి వెనుకబడిన తరగతి. మాదిగల విషయంలో మాత్రం తమిళనాడే ముందుంది. ఎస్సీల 18 శాతం రిజర్వేషన్లలో అరుంధతీయులకు 3 శాతం కేటాయిస్తూ 2009లో చట్టం చేసింది. మాదిగ, ఆది ఆంధ్ర, పగడై, తోటి కులాలు అందులోకి వస్తాయి. ఆంధ్రప్రదేశ్ 2000లో తెచ్చిన ఎస్సీ వర్గీకరణ చట్టాన్ని సుప్రీంకోర్టు 2004లో కొట్టేసింది. 2024 ఆగస్టు 1న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ పాత తీర్పును పక్కనపెట్టాకే, 2025 ఏప్రిల్‌లో రెండు తెలుగు రాష్ట్రాలూ వర్గీకరణను అమల్లోకి తెచ్చాయి.

రాష్ట్రం మారితే ఈ రిజర్వేషన్ హక్కు వెంట రాదు. తెనాలిలో పుట్టి, తండ్రి ఉద్యోగరీత్యా బొంబాయి చేరిన ఒక విద్యార్థి ఆంధ్ర ఎస్టీ ధ్రువపత్రంతో అక్కడ మెడికల్ సీటు అడిగాడు. పుట్టిన రాష్ట్రంలోని గుర్తింపు మహారాష్ట్ర కోటాకు పనికిరాదని 1990లో సుప్రీంకోర్టు తేల్చింది. ఉపాధి కోసం రాష్ట్రం దాటే ప్రతి ఎస్సీ, ఎస్టీ కుటుంబానికీ నేటికీ అదే వర్తిస్తోంది.