పళ్ళెములో పుట్టిన యేరు

యేరు ఎట్లు పుట్టునో, చెరువు ఎట్లు నిలుచునో తెలిసికొనుటకు ప్రయోగశాల అక్కరలేదు. పెద్ద రేకు పళ్ళెము, తట్టెడు ఇసుక, కొంత బంకమన్ను, అడుగున మేకుతో రంధ్రములు పొడిచిన డబ్బా చాలును. మంగంపేటలో ఇవి దొరకని వీధి లేదు.

పళ్ళెమున ఇసుక పరచి, ఒక కొసన ఇటుక యెత్తు పెట్టి, ఆ వైపున డబ్బాతో నీరు కురిపించితిమి. మొదట నీరంతయు ఇంకిపోయెను. మన సీమలో తొలివానలన్నియు ఇంతియే గదా! ఇసుక త్రాగగలిగినంత త్రాగిన పిమ్మట నీరు పైపైన సాగి సన్నని గాళ్ళు చేసెను. ఒక గాడి లోతుకాగానే ప్రక్క గాళ్ళ నీరును దానిలోనికే చేరెను. అదియే యేరు. నంది కొండలలో పుట్టిన పెన్న, ఎర్రమలలను కోసి గండికోట లోయను చేసినదియు ఈ విధముననే. అచ్చట ఇసుకకు బదులు రాయి. మా అరగంటకు బదులు లెక్కకు అందనంత కాలము.

మన గనుల ముగ్గురాయి నలుసులను ఇసుకలో కలిపియు చూచితిమి. అది ఇసుక కంటె ఒకటిన్నర రెట్లకు మించిన బరువు. నీటి వేగము తగ్గిన చోట అదియే ముందుగా నిలిచిపోయెను.

ఇక చెరువు. ఇసుకలో రెండు గుంటలు తీసి ఒకదానికి బంకమన్ను మెత్తితిమి. మెత్తనిది క్షణములలో ఎండెను. మెత్తినది మరునాటికిని నిండుగా నుండెను. విజయనగర రాజకుమారుడు భాస్కరుడు కడప జిల్లా పోరుమామిళ్ళలో త్రవ్వించిన చెరువు శాసనము 1369 నాటిది. మంచి చెరువునకు పండ్రెండు అంగములను, ఆరు దోషములను అది చెప్పుచున్నది. కట్టనుండి నీరు కారుట ఒక దోషము. నీరు మిక్కుటమై నేల చాలకుండుట మరియొకటి.

ఈ రెండవ దోషమును చూడగోరి, గాడికి అడ్డముగా మట్టికట్ట వేసి, మరవ విడువక నీరు పోసితిమి. నీరు కట్ట పైకెక్కి, ఒకచోట వ్రేలెడు మేర పొర్లెను. అంతే, పొర్లిన చోటనే కోసికొనుచు, పదిమంది చూచుచుండగనే కట్ట కొట్టుకొనిపోయెను. దిగువన పిల్లలు సరదాకు పెట్టిన అగ్గిపెట్టెల యిండ్లును పోయెను. ఎవరును నవ్వలేదు. 2021 నవంబరు 19న ఎగువ పింఛ ప్రాజెక్టు కట్ట తెగి, చెయ్యేటి వరద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట పైకెక్కి దానిని తెంచినది. పులపత్తూరు, మందపల్లి, తొగూరుపేట గ్రామములలో ఏమి మిగిలినదో మా తరగతికి వేరుగ చెప్పనక్కరలేదు.

మరల కట్ట వేసి, ఈసారి గులకరాళ్ళు పరచి మరవ విడిచితిమి. కట్ట నిలిచెను. డబ్బాకు మరి నాలుగు రంధ్రములు పొడువగా ఆ మరవయు చాలలేదు. జానెడు వెడల్పు చేసితిమి. ఇంకను పెద్ద డబ్బా తెచ్చెదమని విద్యార్థులు చెప్పి వెళ్ళిరి.