ఉరుము పేరు పెట్టుకున్నవాళ్లు

మన కెమిస్ట్రీ లాబు గోడమీద వేలాడే ఆవర్తన పట్టికలో 90వ గడి థోరియానిది. దాని సంకేతం అడిగితే తడుముకోకుండా చెబుతాం. ఆ పేరు ఎక్కణ్ణించి వచ్చిందంటే మాత్రం ఒకరి మొహం ఒకరం చూసుకుంటాం.

1828లో నార్వే తీరంలోని ఓ చిన్న దీవిలో మోర్టెన్ ఎస్మార్క్ అనే ఆయనకు ఒక నల్లని ఖనిజం దొరికింది. అది చేతులు మారి స్వీడన్‌లో ఉన్న బెర్జీలియస్ దగ్గరికి చేరింది. అందులో కొత్త మూలకం ఉందని 1829లో ప్రకటించి, ఆయన దానికి తన పూర్వీకులు కొలిచిన 'థోర్' దేవుడి పేరు పెట్టాడు. మూలకానికి ఆ పేరు కొత్తదేమోగాని, అక్కడి మనుషుల పేర్లలో అది వెయ్యేళ్లకు పైబడి ఉంది. ఆ పేరు కథే ఈ వ్యాసం.

థోర్ అంటే ఉరుము. ఇంగ్లీషులో 'థండర్', జర్మన్‌లో 'డోనర్' ఈ కుదురులోవే. మన నిఘంటువుల్లో ఉరుముకు 'స్తనితం' అనే మాట ఉంది చూడండి, ఆ సంస్కృత ధాతువు కూడా దీనికి దూరపు చుట్టమే. వారాల పేర్లలోనూ ఈ దేవుడున్నాడు. రోమనులు జూపిటర్‌కిచ్చిన రోజును ఉత్తరాదివాళ్లు థోర్‌కిచ్చారు. అదే ఇంగ్లీషువాళ్ల 'థర్స్‌డే', స్వీడన్‌వాళ్ల 'టోర్స్‌డాగ్'. మనం మాత్రం అదే గ్రహాన్ని బృహస్పతి అన్నాం కాబట్టి మనకది గురువారమైంది.

థోర్ అనగానే సుత్తి పట్టుకుని రాక్షసుల్ని చంపే వీరుడే గుర్తొస్తాడు. కాని రైతుకు ఆయనతో ఉన్న పని వేరు. 1070ల్లో బ్రెమెన్ ఊరి ఆడమ్ అనే క్రైస్తవ గురువు స్వీడన్‌లోని ఉప్సాలా ఆలయం గురించి రాస్తూ, ఉరుములు, గాలులు, వానలు, పంటలు అన్నీ థోర్ చేతిలోనివని అక్కడివాళ్లు నమ్ముతారని చెప్పాడు. కరువొస్తే మొక్కేది ఆయనకే. ఇది అర్థం కావడానికి నాకు పుస్తకాలు అక్కర్లేదు. నారు పోసి మబ్బు కోసం ఎదురుచూసే ఇంట్లో పెరిగినవాడికి, ఉరుము వినిపించగానే పెద్దవాళ్లు తలెత్తి చూసే చూపు బాగా తెలుసు.

తమాషా ఏమిటంటే, ఆ రోజుల్లో దేవుడి పేరును ఉత్తినే మనిషికి పెట్టేవాళ్లు కారు. దానికి ఇంకో మాట కలిపేవాళ్లు. థోర్‌స్టెయిన్ అంటే థోర్, రాయి. థోర్‌బ్యోర్న్‌లో ఉన్నది ఎలుగుబంటి. థోర్‌గెయిర్‌లో బల్లెం. ఆడపిల్లలకు థోరా, థోర్‌డిస్. ఐస్‌లాండ్‌లో తొలుత స్థిరపడ్డవాళ్ల వివరాలు చెప్పే పాత గ్రంథంలో ఇంచుమించు నాలుగో వంతు మంది పేర్లలో థోర్ ఉన్నాడట. మన పల్లెల్లో బడి హాజరుపట్టీ తీస్తే వెంకటరావు, వెంకటరమణ, వెంకటసుబ్బయ్య వరసగా రారూ? అలాగన్నమాట.

ఐస్‌లాండ్ పాత కథల్లో రోల్ఫ్ అనే ఆసామి కనిపిస్తాడు. థోర్‌కు పరమభక్తుడు గనక జనం అతణ్ణి థోరోల్ఫ్ అన్నారు. తనకు కొడుకు పుడితే స్టెయిన్ అని పేరు పెట్టి, వాణ్ణి దేవుడికి సమర్పించి థోర్‌స్టెయిన్‌గా మార్చాడు. అంటే ఈ పేరు ముద్దుకు పెట్టుకున్నది కాదు. అదొక మొక్కు.

తర్వాత క్రైస్తవం వచ్చింది. 1000 ప్రాంతంలో ఐస్‌లాండ్ సభలో పాత మతంవాళ్లూ కొత్త మతంవాళ్లూ కొట్టుకునేదాకా వెళ్లి, తీర్పును ఒక పెద్దమనిషికి వదిలేశారు. ఆయన కప్పుడు కప్పుకుని ఒక పగలూ ఒక రాత్రీ మాటా పలుకూ లేకుండా పడుకుని, లేచి, అందరూ క్రైస్తవులు కావాలన్నాడు. ఆ పెద్దమనిషి పేరు థోర్‌గెయిర్! ఆ సంగతి రాసిపెట్టిన చరిత్రకారుడు ఆరీ క్రైస్తవ గురువే, కాని ఆయన తండ్రి పేరు థోర్‌గిల్స్. డెన్మార్క్‌లో దొరికిన 10వ శతాబ్దపు రాతి అచ్చు ఒకటుంది. అందులో శిలువలూ, థోర్ సుత్తులూ రెండూ పోతపోయవచ్చు. ఆ కంసాలి ఎవరో గాని బతకనేర్చినవాడు!

12వ శతాబ్దంలో ఒక బిషప్పు పూనుకుని వారాల్లోంచి పాత దేవుళ్లను తీయించాడంటారు. ఇప్పటికీ ఐస్‌లాండ్‌లో గురువారాన్ని 'ఐదో రోజు' అనే అంటారు. కాని మనుషుల పేర్లలోంచి మాత్రం థోర్‌ను ఎవరూ తీయలేకపోయారు. అక్కడ చాలామందికి ఇంటిపేరుండదు, తండ్రి పేరే వెనక చేరుతుంది. థోర్‌స్టెయిన్ కూతురు థోర్‌స్టెయిన్స్‌డోటిర్ అవుతుంది. అలా ఒక్క పేరు రెండు తరాలకు పనిచేస్తుంది. నార్వే, స్వీడన్‌లలో 'థ' పలకదు, అందుకని అక్కడ టోర్, టోర్‌స్టెన్ అంటారు. 1947లో బల్సా దుంగల తెప్పమీద పసిఫిక్ సముద్రంలో 101 రోజులు ప్రయాణించిన థోర్ హేయర్‌డాల్ నార్వేవాడు. 1981లో వైద్యంలో నోబెల్ బహుమతి అందుకున్న టోర్‌స్టెన్ వీసెల్ పుట్టింది, ఆడమ్ చెప్పిన ఆలయముండిన ఆ ఉప్సాలాలోనే.

వీళ్లెవరూ థోర్‌కు మొక్కినవాళ్లు కారు. గుడి పోయింది, పూజ పోయింది, పిల్లల్ని పిలుచుకునే పేరు మిగిలింది. నమ్మకం సభలో తీర్మానంతో మారవచ్చు. తాత పేరు మనవడికి పెట్టుకోవడం ఏ తీర్మానానికీ లొంగలేదు.

ఇక నా సంగతి. కాలేజీలో చేరిన కొత్తలో నా పేరు ముందున్న 'వెంకట'ను ఒక్క అక్షరానికి కుదించేశాను. సైన్సు చదివేవాడికి మొక్కుల పేరేమిటని నా ధీమా. తీరా చూస్తే బెర్జీలియస్ అంతటివాడు తన మూలకానికి వానదేవుడి పేరు పెట్టుకున్నాడు. ఆ మూలకం మన భీమునిపట్నం, కళింగపట్నం తీరాల ఇసుకలోని మోనజైట్‌లోనూ ఉంది. పేరు ఎవరి ఆశతో, ఎవరి భయంతో పుట్టిందో తెలుసుకోవడానికీ సైన్సుకీ పేచీ ఏమీ లేదు.

ఈసారి పరీక్ష ఫీజు ఫారంలో నా పేరు పూర్తిగా రాశాను. గడులు చాలలేదు. అయినా రాశాను.