అంగ్‌కోర్ వాట్ సూర్యోదయం: సూర్యుణ్ణి కాదు, వెలుగు ఎక్కడ పడుతోందో చూడండి

ఈరోజు ఎపిసోడ్‌ని నేను తీసిన ఒక చెత్త ఫోటోతో మొదలుపెడదాం. స్క్రీన్ మీద చూడండి. పైన నల్లగా ఐదు గోపురాలు, కింద వరసగా వెలుగుతున్న ఫోన్ స్క్రీన్లు. కంబోడియాలో సియెమ్ రీప్ ఊరి పక్కనున్న అంగ్‌కోర్ వాట్ ఇది. తెల్లవారుజామున 4 గంటలకి లేచి, చీకట్లో టార్చ్ వేసుకుని వెళ్తే నాకు దొరికింది ఇదీ. గుడి కన్నా ఫోన్లే ఎక్కువ కనిపిస్తున్నాయి.

గుడి ఎందుకు ఇంత నల్లగా వచ్చింది? తప్పు ఫోన్‌ది కాదు. ఖ్మేర్ రాజుల గుళ్లు చాలావరకు తూర్పు ముఖంగా ఉంటాయి. కానీ 12వ శతాబ్దం మొదటి సగంలో రెండో సూర్యవర్మ కట్టించిన ఈ విష్ణు ఆలయం మాత్రం పడమర ముఖంగా ఉంటుంది. మనం పడమటి ద్వారం నుంచి లోపలికి వెళ్తాం, సూర్యుడేమో గుడి వెనకనుంచి లేస్తాడు. అంటే వెలుగు గుడి వీపు మీద పడుతుంది, మనకి కనిపించేది నీడ. కోడ్‌లో అయితే దీన్ని బగ్ అనేవాణ్ణి. ఇక్కడ మాత్రం ఇది కావాలని చేసిన డిజైన్.

ఎందుకు అలా కట్టారు? పండితులు రెండు మాటలు చెప్తారు. పడమర విష్ణువుకి సంబంధించిన దిక్కు అనేది ఒకటి. పడమర మరణానికి గుర్తు, రాజు అంత్యక్రియలతో ఈ గుడికి సంబంధం ఉండొచ్చు అనేది రెండోది. రెండో మాటకి ఒక ఆధారం గోడల మీదే ఉంది. ఇక్కడి శిల్పాల కథలు అప్రదక్షిణంగా నడుస్తాయి. మనం గుడిని కుడి చేతి వైపు ఉంచుకుని తిరుగుతాం కదా, ఇక్కడ ఎడమ చేతి వైపు ఉంచుకుని చూసుకుంటూ వెళ్లాలి.

అలాగని ఉదయం వెళ్లొద్దు అనట్లేదు. తప్పకుండా వెళ్లండి. మార్చి 21, సెప్టెంబర్ 22-23 తేదీల చుట్టుపక్కల, పడమటి ద్వారం దగ్గర నిలబడితే సూర్యుడు సరిగ్గా నడి గోపురం నెత్తిన లేస్తాడు. ఆ గోపురం ఎత్తు సుమారు 65 మీటర్లు. మిగతా రోజుల్లో లోపలికి వెళ్లేటప్పుడు ఎడమ పక్కన వచ్చే కొలను దగ్గర నిలబడండి. ఎదురుగా నిలబడితే మూడు గోపురాలే కనిపిస్తాయి, ఈ మూల నుంచి ఐదూ కనిపిస్తాయి. నీళ్లలో ఇంకో ఐదు. ఫోటోకి చిన్న చిట్కా: స్క్రీన్ మీద ఆకాశం దగ్గర నొక్కి పట్టుకుని, వెలుతురు కొంచెం తగ్గించండి. ఫోన్ గుడిని తెల్లగా చూపించాలని ప్రయత్నిస్తే రంగులన్నీ పోతాయి.

ఇప్పుడు అసలు విషయం. సూర్యుడు పైకి రాగానే జనం అంతా టిఫిన్‌కి హోటల్‌కి వెళ్లిపోతారు. మీరు వెళ్లకండి. నేరుగా గుడి వెనక్కి, తూర్పు వైపు మంటపానికి వెళ్లండి. సూర్యుడు అక్కడే పని చేస్తున్నాడు. ఆ గోడ మీద సుమారు 49 మీటర్ల పొడవున క్షీరసాగర మథనం చెక్కి ఉంది. ఒక పక్క 92 మంది అసురులు, ఇంకో పక్క 88 మంది దేవతలు, మధ్యలో విష్ణువు, కింద కూర్మం, పైన గాల్లో అప్సరసలు. దేవతల వైపు వాసుకి తోక పట్టుకున్నది ఎవరో చూడండి. ఒక కోతి! మనకి తెలిసిన కథలో ఆ సీన్ లేదు కదా. నేను అక్కడే పది నిమిషాలు నిలబడిపోయాను. పక్కన ఎవరూ లేరు. కొలను దగ్గర మాత్రం నిలబడటానికి చోటు లేదు.

సాయంత్రం మళ్లీ రండి, ఈసారి పడమటి మంటపానికి. గుడి 5:30కి మూసేస్తారు కాబట్టి 4 గంటలకల్లా అక్కడ ఉండండి. స్తంభాల మధ్య నుంచి ఎండ ఏటవాలుగా గోడ మీద పడుతుంది. మెయిన్ ద్వారం నుంచి కుడి పక్కకి తిరిగితే కురుక్షేత్రం. ఎడమ నుంచి కౌరవులు, కుడి నుంచి పాండవులు, అంపశయ్య మీద భీష్ముడు. ద్వారానికి ఎడమ పక్కన లంకా యుద్ధం, హనుమంతుడి భుజాల మీద నిలబడి బాణం వేస్తున్న రాముడు. లోతు తక్కువ శిల్పాలు కాబట్టి మధ్యాహ్నం సరిగా తెలియవు. ఏటవాలు ఎండలో ప్రతి గీతకీ నీడ వస్తుంది, అప్పుడు బొమ్మలు కదులుతున్నట్టు ఉంటాయి.

సూర్యాస్తమయానికి అందరూ చెప్పే పేరు నమ్ బాఖెంగ్ కొండ. మొదటి యశోవర్మ కాలంలో, క్రీ.శ. 900 ప్రాంతంలో కట్టిన శివాలయం అది. రాళ్లు అరిగిపోతున్నాయని పైకి ఒకసారి 300 మందినే పంపుతున్నారు, క్యూ పెద్దది. నా ఓటు ప్రే రూప్‌కి. 10వ శతాబ్దంలో రాజేంద్రవర్మ కట్టించిన ఇటుక గోపురాలు సాయంత్రం ఎండలో ఎర్రగా మెరుస్తాయి. రాత్రి 7 దాకా తెరిచే ఉంటుంది.

ఖర్చు సంగతి. టికెట్ 1 రోజుకి 37 డాలర్లు, 3 రోజులకి 62. 3 రోజుల టికెట్‌ని 10 రోజుల్లో ఎప్పుడైనా వాడుకోవచ్చు. సాయంత్రం 5 తర్వాత మరుసటి రోజుకి టికెట్ కొంటే, ఆ సాయంత్రం సూర్యాస్తమయం కూడా అందులోనే. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు వేసుకోండి, లేకపోతే పై అంతస్తుకి ఎక్కనివ్వరు. ఇంకో రిక్వెస్ట్: శిల్పాలని ముట్టుకోకండి. చేతులు తగిలి తగిలి కొన్ని అప్సరసల బొమ్మలు ఇప్పటికే నున్నగా నల్లబడి మెరుస్తున్నాయి.

ఇంత దూరం వెళ్లి, సుమారు 900 ఏళ్ల కిందటి మనుషులు చెక్కిన మన కథల్ని చూడకుండా, ఒక నల్ల ఫోటోతో తిరిగొస్తే బాధే కదా. నేను మొదటి రోజు చేసింది అదే. మూడు రోజుల టికెట్ ఉంది కాబట్టి రెండో రోజు దిద్దుకున్నాను. మీకు ఆ రెండో రోజు ఉండకపోవచ్చు, అందుకే ఈ ఎపిసోడ్. మళ్లీ కలుద్దాం, బై.