విద్యార్థి ప్రవేశ రద్దు – న్యాయసమీక్ష: ఒక పరిశీలన

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల డిగ్రీ కళాశాలలు కర్నూలులోని రాయలసీమ విశ్వవిద్యాలయ పరిధిలోనివి. అక్కడి విద్యార్థి పేరును నమోదు పట్టిక నుండి తొలగిస్తే, విశ్వవిద్యాలయంలోనే అప్పీలుకు అవకాశముంటే ముందుగా దానిని వినియోగించుకోవాలి. ఆ తరువాత మిగిలే మార్గం రాజ్యాంగం 226వ అధికరణం కింద హైకోర్టులో రిట్ పిటిషన్. ఆ హైకోర్టు 2019 జనవరి 1 నుండి అమరావతిలో ఉంది. అంతకుముందు హైదరాబాదులో ఉండేది. హైకోర్టు, రాజధానులలో ఒకటి రాయలసీమకు దక్కాలన్న 1937 నాటి శ్రీబాగ్ ఒడంబడిక ఇక్కడ స్ఫురించక మానదు. వ్యాజ్యం తేలేలోగా విద్యా సంవత్సరం గడచిపోతే గెలిచినా ప్రయోజనం స్వల్పమే.

న్యాయస్థానం పరిశీలించేది నిర్ణయపు మంచిచెడ్డలను కాదు, ఆ నిర్ణయం తీసుకున్న తీరును. అధికారం ఉన్నవారే ఉత్తర్వు ఇచ్చారా, నిబంధనలను పాటించారా, విద్యార్థి మాట విన్నారా అన్నవే ప్రశ్నలు. చివరి ప్రశ్న చాలా పాతది. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం బెంట్లీ పండితుని పట్టాలను రద్దు చేసినప్పుడు, 1723లో ఆంగ్ల న్యాయస్థానం ఆయన వాదన వినలేదన్న కారణంతో వాటిని పునరుద్ధరింపజేసింది.

అయితే వినడమంటే కోర్టు విచారణ వంటిదే జరగాలని కాదు. రాంచీ రాజేంద్ర వైద్య కళాశాల కేసులో (1973) విద్యార్థినుల వసతిగృహంలోకి రాత్రివేళ చొరబడ్డారన్న ఆరోపణపై కొందరు విద్యార్థులను బహిష్కరించారు. సాక్ష్యమిచ్చిన విద్యార్థినులను వారి ఎదుట నిలబెట్టలేదు. సాక్షుల భద్రత దృష్ట్యా సుప్రీంకోర్టు ఆ పద్ధతిని సమర్థించింది. ఆరోపణ తెలిపి, సంజాయిషీ కోరడం మాత్రం తప్పనిసరి. ‘సంజాయిషీ’ హిందుస్థానీ నుండి వచ్చిన మాట. నచ్చజెప్పడం, అర్థమయ్యేలా చెప్పడం దాని మూలార్థం. ఆ అవకాశమే ఇవ్వని ఉత్తర్వు సాధారణంగా నిలవదు.

చదువులో వెనుకబడినందుకు తొలగిస్తే పరిస్థితి వేరు. జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం కేసులో (1980), ప్రతిభను అంచనా కట్టే నిర్ణయానికి ముందు విద్యార్థి వాదన వినడం అవసరం లేదని సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. ఆచార్యుల అంచనాను న్యాయమూర్తి తిరగరాయడు. ఈ సంయమనం సమంజసమే గాని, క్రమశిక్షణా చర్యకు చదువు ముసుగు తొడిగినప్పుడు దీని వెనుక అన్యాయం దాగే ప్రమాదం ఉంది.

అర్హత లేదని ప్రవేశం రద్దు చేసే సందర్భాలు మరింత చిక్కైనవి. హాజరు చాలదని తెలుసుకునే అవకాశం ఉండి కూడా పరీక్షకు అనుమతించిన విశ్వవిద్యాలయం, విద్యార్థి మోసం లేనప్పుడు, ఆ అనుమతిని తరువాత ఉపసంహరించుకోలేదని కురుక్షేత్ర విశ్వవిద్యాలయ కేసు (1976) తేల్చింది. 1986లో రెండు భిన్న ఫలితాలు కనిపిస్తాయి. అనుమతులు లేకుండా వికారాబాదులో నెలకొల్పిన వైద్య కళాశాల విద్యార్థులను పరీక్షలకు అనుమతించాలన్న వినతిని, విశ్వవిద్యాలయాన్ని దాని చట్టాన్నే ఉల్లంఘించమనలేమంటూ, గుత్తిలో జన్మించిన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి తిరస్కరించారు. కర్ణాటక ఇంజనీరింగు విద్యార్థుల కేసులో మాత్రం, వారికి అర్హత లేదని తేల్చినప్పటికీ, తప్పు కళాశాలలదే గనుక చదువు కొనసాగించనిచ్చారు. అందువల్ల పిటిషన్‌లో సానుభూతి వాక్యాల కన్నా ప్రవేశ దరఖాస్తు, ఇచ్చిన ధ్రువపత్రాలు, రుసుము రశీదులు, నోటీసు అందిన తేదీ ఎక్కువ పనికివస్తాయి.