పగలగొట్టని హుండీ

పిల్లలకు పొదుపు నేర్పాలంటే ముందుగా పెద్దలు నేర్చుకోవలసిన పాఠం ఒకటుంది

నేను నాలుగో తరగతి చదివే రోజుల్లో నాకొక మట్టి హుండీ ఉండేది. తెలంగాణ పల్లెల్లో దానిని గల్లగురిగి అంటారు. పేరేదైనా రూపం ఒక్కటే: పైన నాణెం పట్టేంత సన్నని చీలిక, లోపల చీకటి. పగలగొడితే తప్ప పైసా బయటికి రాదు.

పండుగలకు వచ్చిన బంధువులు చేతిలో పెట్టిన రూపాయలూ, దుకాణానికి పంపినప్పుడు మిగిలిన చిల్లరా ఏడాదిపాటు అందులో వేశాను. జామెట్రీ పెట్టె కొనుక్కోవాలని నా కోరిక. ఒకనాడు బడి నుండి వచ్చి చూస్తే అటక మీద హుండీ లేదు. పెరటి గోడ వారన పెంకులు మాత్రం పడి ఉన్నాయి. ఇంట్లో అవసరం పడిందనీ, మొదటి తారీఖున తిరిగి ఇస్తామనీ పెద్దలు చెప్పారు. వారి అవసరం నిజమైనదే. మాట ఇచ్చినప్పుడు వారి ఉద్దేశమూ నిజమైనదే. కాని ఎన్నో మొదటి తారీఖులు వచ్చి వెళ్లిపోయాయి.

ఆ తరువాత నా చేతికి వచ్చిన ప్రతి నాణెమూ ఆ పూటే పుల్ల ఐసుగా మారిపోయేది. “ఈ పిల్ల చేతిలో డబ్బు నిలవదు” అని ఇంట్లో అనుకునేవారు. నిలిపిన డబ్బు ఏమైపోయిందో మాత్రం ఎవరికీ జ్ఞాపకం లేదు.

పసితనపు ఓర్పుకు పునాది

పిల్లల ఓర్పును గూర్చి మనస్తత్వవేత్తలు చేసిన ఒక ప్రయోగం జగత్ప్రసిద్ధమైంది. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో వాల్టర్ మిషెల్ 1970 ప్రాంతంలో పసిపిల్లల ముందు ఒక మిఠాయి ఉంచి, కొంతసేపు తినకుండా ఆగితే రెండోది కూడా ఇస్తానని చెప్పేవాడు. ఆగగలిగిన పిల్లలు జీవితంలో పైకి వస్తారన్న అభిప్రాయం ఆ ప్రయోగం ద్వారా లోకమంతటా వ్యాపించింది. అయితే కుటుంబ పరిస్థితులను కూడా లెక్కలోకి తీసుకుంటే ఆ సంబంధం చాలావరకు బలహీనపడుతుందని 2018లో ప్రకటించిన మరొక పరిశోధన తేల్చింది.

ఇంతకంటే మనకు ఉపయోగపడేది రోచెస్టర్ విశ్వవిద్యాలయం వారి పరిశోధన. అది 2013లో అచ్చయింది. మూడు నుండి ఐదేళ్ల వయసు పిల్లలు 28 మందిని రెండు జట్లు చేశారు. ఇంకా మంచి రంగు పెన్సిళ్లు తెచ్చి ఇస్తామని ఇరువురికీ చెప్పారు. ఒక జట్టుకు చెప్పినట్లే తెచ్చి ఇచ్చారు. రెండో జట్టు దగ్గరకు ఉత్త చేతులతో తిరిగి వచ్చి, లేవని చెప్పారు. ఆ తరువాతనే మిఠాయి పరీక్ష పెట్టారు. మాట నిలబెట్టుకున్న పెద్దలను చూసిన పిల్లలు సగటున 12 నిమిషాలు ఆగారు. మాట తప్పిన పెద్దలను చూసినవారు 3 నిమిషాలే ఆగారు.

అంటే ఓర్పు కేవలం పుట్టుకతో వచ్చే గుణం కాదు. రేపు తనకు దక్కుతుందన్న నమ్మకం ఉన్న బిడ్డే ఈనాడు చేయి ఆపుకోగలుగుతాడు. నా పుల్ల ఐసుల రహస్యం అదే.

బడిలో వెలసిన బ్యాంకు

పాఠశాలలో పొదుపు నేర్పడం నిన్న మొన్నటి ఆలోచన కాదు. బెల్జియం దేశంలో ఘెంట్ నగరపు న్యాయశాస్త్ర ఆచార్యుడు ఫ్రాన్స్వా లోరాన్ 1866లో అక్కడి బడులలో దీనిని ప్రవేశపెట్టాడు. మన దేశంలో 1882లో ఆరంభమైన పోస్టాఫీసు సేవింగ్స్ బ్యాంకు చిన్న మొత్తాలను సామాన్యుల ముంగిటికి తెచ్చింది. 1928లో ఉడిపిలో డాక్టర్ టి.ఎం.ఏ. పాయ్ ప్రభృతుల బ్యాంకు ‘పిగ్మీ డిపాజిట్’ పేరిట ఇంటింటికీ మనిషిని పంపి, రోజుకు రెండణాలైనా సరే జమ కట్టించుకున్నది. రెండణాలు పెద్ద సొమ్ము కాకపోవచ్చు. అయితే ఆ మనిషి మరునాడు కూడా తప్పక వస్తాడు; ఆ పథకానికి బలం అదే.

మన తరం వారిలో చాలామందికి ‘సంచయిక’ అన్న మాట గుర్తుండే ఉంటుంది. జాతీయ పొదుపు సంస్థ ప్రోత్సాహంతో బడులలో నడిచిన పిల్లల బ్యాంకు అది. ఉపాధ్యాయుల పర్యవేక్షణలో మేనేజరు, క్యాషియరు, గుమాస్తా అందరూ విద్యార్థులే. ఒక్కొక్కరికీ పాసు పుస్తకం. పోగైన సొమ్ము పోస్టాఫీసులోనో బ్యాంకులోనో జమ అయ్యేది.

ఐదో తరగతిలో మా బడిలోనూ సంచయిక పెట్టారు. మొదట నేను చేరనన్నాను. మాస్టారు బలవంతం చేయలేదు. శనివారం నాడు రెండు రూపాయలు తీసుకుని, నా ఎదుటే పద్దు రాసి, పుస్తకం నా చేతిలో పెట్టారు. ఆయన దగ్గర మరొక మంచి అలవాటు ఉండేది. ఎవరి ఖాతాలో ఎంత ఉందో ఎన్నడూ పైకి చదివేవారు కారు. ఎవరు ఎన్ని వారాలు తప్పకుండా కట్టారో మాత్రమే చెప్పేవారు. పది పైసలు కట్టిన కూలివాని బిడ్డ, పది రూపాయలు కట్టిన షావుకారు బిడ్డ ఆ లెక్కలో సమానులే.

కొన్ని నెలలకు తమ్ముడికి జబ్బు చేసింది. మందులకు డబ్బు చాలక అమ్మ బడికి వచ్చింది. మాస్టారు వినయంగానే అన్నారు: “ఖాతా అమ్మాయిదమ్మా. అమ్మాయిని అడగండి.” అమ్మ నా వైపు తిరిగి, “నలభై రూపాయలు కావాలమ్మా. మొదటి తారీఖున తిరిగి కట్టేస్తాను. తీసుకోనా?” అని అడిగింది. డబ్బు విషయంలో ఒక పెద్ద మనిషి నా అనుమతి కోరడం అదే మొదటిసారి. వంకర అక్షరాలతో సంతకం చేశాను. మొదటి తారీఖు వచ్చింది. అమ్మ కూడా వచ్చింది.

నేటి పిల్లలు, కనిపించని డబ్బు

సంచయిక నేడు అనేక బడులలో జ్ఞాపకంగానే మిగిలింది. డబ్బు రూపం కూడా మారిపోయింది. 2016లో యూపీఐ వచ్చిన తరువాత పుట్టిన పిల్లలు, తల్లిదండ్రులు నోట్లు లెక్కపెట్టడం చాలా అరుదుగా చూస్తున్నారు. ఫోను చూపిస్తే సరుకు వస్తుంది. తరిగిపోయేది కంటికి కనిపించనప్పుడు మిగుల్చుకోవాలన్న ఆలోచన ఎలా పుడుతుంది? కాబట్టి ప్రాథమిక పాఠశాల వయసులో కొంతకాలమైనా చేతికి నాణేలు ఇవ్వడం మంచిది. మట్టి హుండీ కంటే గాజు సీసా మేలు. ఎంత పెరిగిందో రోజూ కనిపిస్తుంది. పక్కన ఒక చిన్న నోటు పుస్తకంలో జమ, ఖర్చు, నిల్వ అని మూడు గళ్లు గీసి బిడ్డ చేతనే రాయించాలి. రోజుకు 5 రూపాయల చొప్పున 200 బడి దినాలకు 1,000 రూపాయలవుతుందన్న గుణకారం, పుస్తకంలోని లెక్కకంటే ఆ గళ్లలో త్వరగా అర్థమవుతుంది.

మొదటి లక్ష్యం దగ్గరిదై ఉండాలి. ఏడేళ్ల వానికి పై చదువు మాట అర్థం కాదు. నెలకు కొనగలిగే బంతి అర్థమవుతుంది. కొన్న బంతి మూడో రోజే చినిగినా మందలించరాదు. తన డబ్బుతో చేసిన పొరపాటు చవకైన పాఠం. పదేళ్లు నిండిన పిల్లలు తమ పేరిట పోస్టాఫీసులో ఖాతా తెరిచి, తామే నడుపుకోవచ్చు. బ్యాంకులలో కూడా ఇటువంటి ఖాతాలకు రిజర్వు బ్యాంకు 2014లోనూ, మళ్లీ 2025లోనూ మార్గదర్శకాలు ఇచ్చింది.

అయితే పొదుపు పేరిట పిసినారితనం నేర్పరాదు. ఎదుట అంత మాంసం ఉండగా దానిని రేపటికి దాచి, వింటినారి కొరికి ప్రాణం పోగొట్టుకున్న పంచతంత్రపు నక్క మన పిల్లలకు తెలిసినదే. పొదుపును తెలిపే ‘థ్రిఫ్ట్’ అన్న ఇంగ్లీషు మాట, వర్ధిల్లడం అనే అర్థంగల మాట నుండి పుట్టింది. మనిషి వర్ధిల్లడానికే పొదుపు.

అన్నిటికంటే ముఖ్యమైనది చివరి నియమం. బిడ్డ దాచుకున్నది తీసుకోవలసిన అవసరం ఏ ఇంటికైనా రావచ్చు. అందులో సిగ్గుపడవలసినదేమీ లేదు. కాని అడిగి తీసుకోండి. తేదీ వేసి కాగితం మీద రాసివ్వండి. ఆ తేదీకి తిరిగి ఇవ్వండి. ఇవ్వలేకపోతే ఆనాడే ఆ మాట చెప్పండి.

బడి మానేనాటికి నా పాసు పుస్తకంలో ఎంత నిల్వ ఉందో నాకు గుర్తు లేదు. ఆ నలభై రూపాయల పద్దు మాత్రం ఇప్పటికీ కళ్లకు కడుతుంది. ఎడమ గడిలో నా వంకర సంతకం. దాని కింది వరుసలో, మరుసటి నెల మొదటి తారీఖు వేసి, మాస్టారి గుండ్రని దస్తూరీలో ఒకే ఒక్క మాట: జమ.