చిన్న వర్తకుడు – వెబ్‌సైట్ వ్యయం

నేటి వాణిజ్యంలో దుకాణానికి రెండు గుమ్మాలు. ఒకటి వీధిలోకి తెరుచుకుంటుంది, రెండవది అంతర్జాలంలోకి. ఈ రెండవ గుమ్మాన్ని నిర్మించుకోవాలన్న ఆకాంక్ష చిన్న వర్తకులలో సైతం ప్రబలింది. అయితే వారి చేతిలోని ధనం పరిమితం. పెద్ద సంస్థకు వెబ్‌సైట్ మీద జరిగిన దుర్వ్యయం లెక్కల పుస్తకంలో ఒక పద్దు మాత్రమే. చిన్న దుకాణానికి అదే మొత్తం పండుగ సరుకు పెట్టుబడి కావచ్చు. మంచం ఉన్నంతవరకే కాళ్లు చాపమన్నారు పెద్దలు. కనుక ఏది ముందు, ఏది వెనుక అన్న విచక్షణ ఇక్కడ అత్యంత అవసరం.

హైదరాబాదులో చార్మినారును ఆనుకొని ఉన్న లాడ్ బజారులోని ఒక లక్క గాజుల దుకాణాన్ని ఉదాహరణగా తీసుకుందాం. ఈ గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. దూరప్రాంతపు స్త్రీ ఒకరు ఆ దుకాణపు వెబ్‌సైట్‌ను తెరిచినప్పుడు ఆమె మనసులో మెదిలే ప్రశ్నలు కొద్దిపాటివే. ఏ రంగులున్నాయి? వెల ఎంత? నా చేతికి సరిపోతాయా? ఎన్ని రోజులకు చేరతాయి? ఎవరితో మాట్లాడాలి? వీటికి సమాధానం చెప్పే రూపాయి సద్వ్యయం, తక్కినది అలంకారం.

మొదటి వ్యయం డొమైన్ పేరు. అది వెబ్‌సైట్ తయారుచేసిన వాని పేరున కాక, వర్తకుని పేరుననే నమోదు కావాలి. ఏటేటా దానిని పునరుద్ధరించుకోవాలి. గడువు దాటి విడిచిపెడితే ఆ పేరును మరొకరు తీసుకోవచ్చు. అరువు స్థలంలో కట్టిన ఇల్లు స్థిరం కాదు. 2020 జూన్‌లో భారతదేశంలో టిక్‌టాక్‌ను నిషేధించినప్పుడు అక్కడ కూడగట్టుకున్న ప్రేక్షకులు ఒక్కసారిగా దూరమయ్యారు. గూగుల్ తన వ్యాపార ప్రొఫైళ్లకు అనుబంధంగా ఉచితంగా ఇచ్చిన వెబ్‌సైట్లను 2024 మార్చిలో నిలిపివేసింది. సొంత పేరు ఉన్నవారు ఇటువంటి వేళ వెబ్‌సైట్‌ను మరొక చోటికి మార్చుకున్నా చిరునామా మారదు.

రెండవది, మా దృష్టిలో అన్నింటికంటే ముఖ్యమైనది, సమాచారం. పగటి వెలుతురులో తీసిన స్పష్టమైన ఛాయాచిత్రాలకూ, సరళమైన వివరణకూ సొమ్ములో పెద్ద పాలు కేటాయించాలి. వర్తకులు గాజుల సైజును 2-4, 2-6 అని చెబుతారు. 2-4 అనగా లోపలి వ్యాసం రెండు అంగుళాల మీద పదహారింట నాలుగు వంతులు, అంటే రెండుంబావు అంగుళాలు. ఇంట్లో ఉన్న గాజును స్కేలుతో ఎలా కొలుచుకోవాలో నాలుగు వాక్యాలలో, ఒక బొమ్మతో చెబితే సైజు కుదరక తిరిగి వచ్చే సరుకు తగ్గుతుంది. ఏ కదిలే బొమ్మలూ చేయలేని మేలు ఇది.

మూడవది నిర్మాణం. కొనేవారిలో అత్యధికులు సెల్‌ఫోనులోనే చూస్తారు. కనుక త్వరగా తెరుచుకునే నాలుగైదు పుటలు చాలు. ఆరంభంలో ప్రత్యేకమైన యాప్ అక్కరలేదు. ఫోను నంబరు, వాట్సాప్, యూపీఐ ఉంటే బేరం సాగుతుంది.

ఇక వ్యయం చేయనవసరం లేనివి కొన్ని ఉన్నాయి. వెబ్‌సైట్ భద్రతకు కావలసిన సర్టిఫికెట్‌ను లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ 2015 నుండి ఉచితంగా ఇస్తున్నది. గూగుల్ మ్యాపులో దుకాణాన్ని నమోదు చేయడానికి రుసుము లేదు. గూగుల్ వెతుకులాటలో ప్రథమ స్థానం ఖాయమని ఎవరైనా సొమ్ము అడిగితే నమ్మరాదు. అటువంటి హామీ ఎవరూ ఇవ్వలేరని గూగుల్ సంస్థే చెబుతున్నది.

మొత్తం సొమ్మును పది పాళ్లు చేస్తే, నాలుగు సమాచారానికి, మూడు నిర్మాణానికి, ఒకటి డొమైనుకూ హోస్టింగుకూ కేటాయించి, మిగిలిన రెండింటిని నిర్వహణకై దాచుకోవడం ఉచితమని మా అభిప్రాయం. ధరలు మారినా పుట మారకపోతే, వెబ్‌సైట్ లేకపోవడం కంటే అది ఎక్కువ నష్టం.

మన కళాశాలలో ఉర్దూ, తెలుగు రెండూ నేర్చిన విద్యార్థులున్నారు. వారిలో వర్తక కుటుంబాల పిల్లలు తమ దుకాణం వివరాలను ఈ రెండు భాషలలోనూ తామే వ్రాసిపెట్టగలరు. అనువాదపు ఖర్చు మిగులుతుంది. అంతకు మించి, కొనేవారికి తమ ఇంటి మాటలో సమాధానం దొరుకుతుంది.